బాలురే గురువులు: డాక్టరు ఆండ్రూ బెల్లుగారి జీవితము



మన శేరిలింగంపల్లి ప్రాంతమున 1998వ సంవత్సరమునందు సైబర్ టవర్స్ అను మేడ తెరువబడినది మొదలు, కంప్యూటరును ఎరుగని యిల్లు ఇచ్చట అరుదైపోయినది. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలి బడులు మూతపడినప్పుడు, సెప్టెంబరు 1వ తేదీనుండి మన రాష్ట్రమున పాఠములు దూరదర్శన్ యాదగిరి మూలముగను టీ-శాట్ మూలముగను పిల్లల యిండ్లకే వచ్చినవి. అప్పుడు పాఠము అర్థముకాని పిల్లలు పెక్కుమారులు ఉపాధ్యాయునికన్న ముందు తోడివిద్యార్థినే అడిగెడివారు. ఆ యవసరమువలన పుట్టిన అలవాటు నేటికిని మన పాఠశాలలో నిలిచియున్నది. పై తరగతులవారు కొందరు లెక్కల పాఠములను సెల్‌ఫోను ముందు తామే చెప్పి, క్రింది తరగతులవారికి ఆన్‌లైనులో పంపుచున్నారు.

నిరుడు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఋణసంఖ్యల గుణకారమును గూర్చి ఏడవ తరగతివారికి ఇట్టి పాఠ మొకటి సిద్ధపరచెను. ఋణసంఖ్యను ఋణసంఖ్యచే గుణించిన ధనసంఖ్య వచ్చునను సూత్రమును ఆమె చక్కగా చెప్పెను. ఆ పాఠమును చూచిన చిన్నవా డొకడు, అట్లెందుకు కావలయునని అడిగెను. ఆమెకు తెలియలేదు. నాయొద్దకు వచ్చి అడిగెను. ఇరువదియేండ్లుగా ఆ సూత్రమును నల్లబల్లపై వ్రాయుచున్న నేనును వెంటనే తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోతిని. ఆ బాలిక రెండు దినములు ఆలోచించి, ఎక్కమును క్రిందికి దింపి చూచెను. ఋణ రెండును మూడుచే గుణించిన ఋణ ఆరు. రెండుచే గుణించిన ఋణ నాలుగు. ఒకటిచే గుణించిన ఋణ రెండు. సున్నచే గుణించిన సున్న. మెట్టుమెట్టునకు రెండేసి పెరుగుచున్నది. ఇంకొక మెట్టు దిగి ఋణ ఒకటిచే గుణించిన, సున్నకు రెండు చేరి ధన రెండే కావలయును గదా! ఆమె పాఠమును మరల చెప్పెను. ఆ దినమున నేర్చుకొన్నది ఆ చిన్నవాడు మాత్రమే కాదు. ఆమెయు నేర్చుకొనెను, నేనును నేర్చుకొంటిని.

బాలుడు బాలునికి చదువు చెప్పుట నేటి వింత కాదు. రెండువందల యేండ్లకు పూర్వమే చెన్నపట్టణమున ఒక అనాథ బాలుర శాలలో ఈ పద్ధతి క్రమముగా నడచి, అచ్చటినుండి ఓడనెక్కి ఇంగ్లండునకును, అటనుండి ఇతర ఖండములకును పోయినది. లోకము దానికి మద్రాసు పద్ధతి యని పేరు పెట్టినది. దానిని నడపిన డాక్టరు ఆండ్రూ బెల్లుగారి చరిత్రము మనము తెలిసికొనదగినది. అందు అనుసరింపదగిన గుణములు కలవు. విడువదగిన పొరపాటును ఒకటి కలదు. రెండింటిని దాచక చెప్పెదను.

ఆండ్రూ బెల్లుగారు 1753వ సంవత్సరము మార్చి 27వ తేదీన, స్కాట్లండు దేశమున సముద్రతీరమందున్న సెయింట్ ఆండ్రూస్ అను పట్టణమున జన్మించిరి. తండ్రి అలెగ్జాండరు బెల్లు వృత్తిచేత క్షురకుడు. ఆయినను యంత్రముల పనియందు నేర్పరి, బుద్ధిమంతుడు. ఆ పట్టణమున పురాతనమైన విశ్వవిద్యాలయ మొకటి ఉండుటచేత, పేదయింటి బాలునికిని విద్య కంటికి కనబడు దూరమున నుండెను.

ఆ బాలుడు చదివిన బడిలో బెత్తమునకే పెత్తనము. అతడు వణకుచు బడికి పోయెడివాడు. దానికి తోడు, ఏ సూత్రమునైనను అర్థము చేసికొననిదే కంఠస్థము చేయుట అతనికి సాధ్యము కాకుండెను. వల్లించుటయే చదువని తలచిన ఉపాధ్యాయులకు అట్టి శిష్యుడు మందబుద్ధిగా కనబడుట సహజమే. కాని విశ్వవిద్యాలయమున ప్రవేశించిన పిదప ఆ బాలుడే గణితమునందును ప్రకృతిశాస్త్రమునందును మంచి పేరు సంపాదించెను. చిన్ననాటి ఆ భయమును, అర్థముకాని సూత్రముతో పడిన ఆ పాట్లును బెల్లుగారు మరువలేదు. తరువాత తాము నడపిన శాలలో బెత్తమును వెనుకకు నెట్టుటకు ఆ బాల్యమే కారణమని నమ్మవచ్చును.

1774వ సంవత్సరమున ఆయన అట్లాంటికు సముద్రము దాటి, అమెరికాయందలి వర్జీనియాకు పోయిరి. అచ్చట ఇండ్లలో పిల్లలకు చదువు చెప్పుచు బ్రతికిరి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసినవారిలో నొకరగు కార్టరు బ్రాక్‌స్టను కుమారులకు ఆయనయే గురువు. యుద్ధకాలమగుటచే 1781వ సంవత్సరమున స్వదేశమునకు మరలిరి. దారిలో ఓడ పగిలినది. దైవకృపచే ప్రాణములు దక్కినవి. స్వదేశము చేరిన పిదప ఆంగ్లికను సంఘమున గురుపట్టము పొంది, లీత్ అను రేవుపట్టణమున దేవాలయ సేవ చేసిరి.

1787వ సంవత్సరము జూను మాసమున బెల్లుగారు చెన్నపట్టణమున దిగిరి. వారు బయలుదేరినది కలకత్తా పోవలయుననియే. కాని చెన్నపట్టణముననే నిలిచిపోయిరి. నాడు ఉత్తర సర్కారులలో పెద్ద భాగము చెన్నపట్టణపు కుంఫిణీవారి పాలనలో నుండెను. మన హైదరాబాదు నిజాము అలీఖానుని రాజ్యము. బెల్లుగారు కుంఫిణీ సేనల పటాలములు అనేకమునకు గురువుగా నియమింపబడిరి. ప్రకృతిశాస్త్రమును గూర్చి ఉపన్యాసములు కూడ ఇచ్చుచుండిరి. ఈ యుద్యోగములవలన ధనము బాగుగా చేరెను. వారు వచ్చునప్పుడు చేత నుండినది నూటయిరువదియెనిమిది పౌనులు మాత్రమే. తొమ్మిదేండ్ల పిదప మరలునప్పటికి ఇరువదియైదు వేల పౌనులకు మించెను. ధనమును లెక్కపెట్టి కూడబెట్టుటలో వారు జాగ్రత్తగల మనుష్యుడని ఒప్పుకొనవలయును. అట్టివారు ఒక్క పనికి మాత్రము జీతము వద్దనిరి. ఆ పనియే వారి పేరును నిలిపినది.

ఆ కాలమున ఐరోపా సైనికులకు ఈ దేశపు స్త్రీలయందు పుట్టిన పిల్లలు చెన్నపట్టణమున పెక్కుమంది ఉండిరి. తండ్రి యుద్ధమున చచ్చియో, దేశము విడిచియో పోగా, ఆ పిల్లలు ఇరువైపుల వారికిని కానివారై వీధులలో తిరిగెడివారు. అట్టి బాలుర కొరకు ఎగ్మూరునందలి పాతకోటలో 1789వ సంవత్సరమున అనాథ బాలుర శాల స్థాపింపబడెను. దానికి బెల్లుగారు పర్యవేక్షకులైరి. జీతము ఇచ్చెదమని అధికారులు చెప్పినను పుచ్చుకొనక, ఆ పనిని దేవుని పనిగా చేసిరి.

శాలలో నియమింపబడిన ఉపాధ్యాయులు ఆ పనికి తర్ఫీదు పొందినవారు కారు. పిల్లలకు అక్షరములు రాలేదు. ఉపాధ్యాయులు పిల్లల మందబుద్ధిని నిందించిరి. బెల్లుగారు చెప్పించు విధమును నిందించిరి. ఇట్లుండగా ఒకనాటి యుదయమున ఆయన గుఱ్ఱముపై పోవుచు, దారిప్రక్కనున్న అరవ వీధిబడి యొకటి చూచిరి. చిన్నపిల్లలు నేలమీద ఇసుక పరచి, వ్రేలితో అక్షరములను దిద్దుచుండిరి. పలక అక్కరలేదు, కాగితము అక్కరలేదు, సిరా అక్కరలేదు. తప్పు వచ్చిన అరచేత చెరిపి మరల వ్రాయవచ్చును. మన తాతముత్తాతలు ఓనమాలు దిద్దినదియు ఈ విధముననే. మనకు అది అతి సామాన్యమైన దృశ్యము. బెల్లుగారికి మాత్రము దారి కనబడినట్లయ్యెను.

ఆయన శాలకు వచ్చి, చిన్న తరగతికి ఇసుకలో అక్షరములు నేర్పుడని ఉపాధ్యాయులకు ఆజ్ఞాపించిరి. వారికి ఈ క్రొత్త పని రుచింపలేదు. అది కానిపని యని చెప్పివేసిరి. అప్పుడు బెల్లుగారు పెద్దవారిని బతిమాలుట మాని, పై తరగతిలోని జాను ఫ్రిస్కెను అను ఎనిమిదేండ్ల బాలుని పిలిచిరి. అతడు సామాన్య సైనికుని కొడుకు. చిన్నవారికి ఇసుకలో అక్షరములు నేర్పుమని అతనికి అప్పగించిరి. పెద్దవారు కాదన్న పని ఆ పిల్లవానిచేత అయ్యెను! అతడు వారితో నేలపై కూర్చుండెను. నిన్న మొన్న తనకు కష్టమైన అక్షరమేదో అతనికి ఇంకను జ్ఞాపక ముండెను. కొద్దికాలములోనే ఆ తరగతి చక్కబడెను. ఇది చూచి బెల్లుగారు ఒక్కొక్క తరగతినే బాలుర చేతికి అప్పగించి, తుదకు శాలనంతయు వారి మూలముననే నడపిరి.

పద్ధతి యెట్టిదనగా: ప్రతి తరగతిలోను బాలురను ఇద్దరేసి జతపరచెడివారు. పాఠము వచ్చినవాడు గురువు, రానివాడు శిష్యుడు. ఈ జతలను చూచుటకు ఏడేండ్లు మొదలు పదునొకండేండ్ల వరకు వయస్సుగల సహాయకులును, వారిపైన పదునాలుగేండ్లలోపు బాలోపాధ్యాయులును ఉండిరి. ఎవరి స్థానమును స్థిరము కాదు. పాఠమున వెనుకబడినవాడు క్రిందికి దిగును; ముందునకు వచ్చినవాడు పైకి ఎక్కును. పాఠములు చిన్నచిన్నవిగా విభజింపబడి, ఒకటి సంపూర్ణముగా వచ్చినగాని రెండవదానికి పోవుట లేదు. తప్పుచేసిన వారి పేర్లు ఒక నల్లపుస్తకములో వ్రాయబడును. వారమున కొకమారు ఆ పుస్తకమును అందరియెదుట చదివి, తోడి బాలురే న్యాయము తీర్చెడివారు. దెబ్బలు కొట్టుట దాదాపు నిలిచిపోయెను. వణకుచు బడికి పోయిన సెయింట్ ఆండ్రూసు బాలుడు తన శాలలో బాలుర వణకు మాన్పెను.

ఆ శాలలో చదువను, వ్రాయను, లెక్కలు వేయను నేర్పుటయేగాక, తెలివిగల బాలురకు రేఖాగణితము, క్షేత్రమితి, నౌకాయాన గణితము మొదలగునవియు చెప్పుచుండిరి. దీని ఫలము రెండు విధముల కనబడెను. మొదటిది: బందీలుగా నుంచబడిన టిప్పు సుల్తాను కుమారులు 1794వ సంవత్సరమున తండ్రికి మరల అప్పగింపబడినప్పుడు, ఆ దూతలతో కూడ విలియము స్మిత్ అను పదునేడేండ్ల బాలుడు ఈ శాలనుండి పోయి, సుల్తాను ఎదుట ప్రకృతిశాస్త్ర ప్రయోగములు చేసి చూపెను. తోటివారికి చెప్పి చెప్పి నేర్చినవాడు రాజునకును చెప్పగలిగెను.

రెండవది మన దేశమునకు మరింత ఉపయోగపడినది. ఆ 1794వ సంవత్సరముననే మైకేలు టాపింగు అను ఖగోళజ్ఞుడు చెన్నపట్టణమున భూమికొలత నేర్పు బడి నొకటి స్థాపించి, దానికి శిష్యులను ఈ అనాథశాలనుండియే ఏరుకొనెను. గోదావరి కృష్ణా నదుల ప్రదేశములను కొలిచినవారు ఈ టాపింగుగారే. 1796వ సంవత్సరమున మచిలీపట్టణముననే చనిపోయిరి. ఆ చిన్న బడియే పెరిగి పెరిగి గిండీ యింజనీరింగు కళాశాల అయినది. 1802వ సంవత్సరమున విలియము లాంబ్టను చెన్నపట్టణపు పరంగికొండ యొద్ద ఆరంభించిన మహా త్రికోణమితి సర్వేలో సహాయకులుగా పనిచేసినవారిలో ఈ కొలత బడిలో పెరిగినవారు కలరు. ఆ కొలత క్రమముగా ఉత్తరమునకు సాగి నిజాము రాజ్యములోనికి వచ్చెను. 1815వ సంవత్సరమున బీదరు సమీపమున ఆధార రేఖ యొకటి కొలువబడెను. ఎవరికిని అక్కరలేనివారుగా ఎంచబడిన పిల్లల శాలనుండి వచ్చిన గణితము ఈ విధముగా మన దక్కను రాతికొండలవరకు నడచివచ్చినది. నేడు మన చేతి సెల్‌ఫోనులో చూచు దేశపటములకు పూర్వపు పునాదులలో ఆ కొలతయు నొకటి.

1796వ సంవత్సరమున బెల్లుగారు ఆరోగ్యము చెడి చెన్నపట్టణము విడిచిరి. అప్పటికి శాలలో సుమారు ఇన్నూరుమంది బాలు రుండిరి. మరుసటి యేట లండనులో ఆ శాల యనుభవమును గూర్చి చిన్న పుస్తకము ప్రకటించిరి. దానిని మొదట కొద్దిమందియే చదివిరి. 1798వ సంవత్సరమున లండనులోని ఆల్డుగేటు ధర్మపాఠశాలలో ఆ పద్ధతి ప్రవేశపెట్టబడెను. 1801వ సంవత్సరమున ఆయన స్వానేజి అను పల్లెకు గురువుగా పోయిరి. అచ్చటి పాఠశాలలలో పద్ధతిని నెలకొల్పుటయేగాక, మశూచికమునకు క్రొత్తగా వచ్చిన టీకాలను గ్రామస్థులకు వేయించుటకు పాటుపడిరి.

ఇచ్చటినుండి కథ కొంచెము చేదుగా నుండును.

1798వ సంవత్సరముననే జోసెఫ్ లాంకాస్టరు అను క్వేకరు యువకుడు లండనులోని పేదల పేటలో ఇట్టి బడియే పెట్టెను. అతడును పిల్లలచేతనే పిల్లలకు చెప్పించుచుండెను. 1804వ సంవత్సరమున లాంకాస్టరు స్వానేజికి వచ్చి బెల్లుగారిని చూచిపోయెను. ఇద్దరును కలిసి పనిచేసినచో ఎంత మేలు జరిగెడిదో! కాని కొద్దికాలములోనే, పద్ధతిని మొదట కనుగొన్నది ఎవరను తగవు పుట్టెను. సంఘభేదము ఆ నిప్పుమీద చమురు పోసెను. ఆంగ్లికనులు బెల్లుగారి పక్షము, ఇతర సంఘములవారు లాంకాస్టరు పక్షము వహించిరి. ఒకే ప్రభువును సేవించువారు ఒకే మంచిపనిని రెండుగా చీల్చుకొనిరి. వీరిద్దరిలో ఎవరు ముందను వాదము నడచుచుండగా, ఇసుకలో వ్రేలితో వ్రాయించుచుండిన ఆ వీధిబడి పంతులు పేరును ఎవరును అడుగలేదు. అది నేటికిని తెలియదు.

అంతకంటె విచారకరమైనది వేరొకటి. 1805వ సంవత్సరపు తమ పుస్తక ముద్రణములో బెల్లుగారు, బీదల పిల్లలకందరకును వ్రాతయు లెక్కలును నేర్పవలయునని తాము కోరుట లేదని వ్రాసిరి. వారు బైబిలు చదువుటకు నేర్చిన చాలుననియు, అంతకు మించి చదివిన తమ స్థితిమీద అసంతృప్తులగుదురనియు ఆయన తలంపు. తాను క్షురకుని కుమారుడై గణితమువలన పైకి వచ్చినవారు, ఎగ్మూరు అనాథల చేతికి క్షేత్రమితిని అందించినవారు, ఇంగ్లండులోని బీద బాలునికి కూడికలును అక్కరలేదని ఎట్లు తలచిరి? పెద్దల మెప్పు కోరియో, కాలమున కట్టుబడియో అట్లు వ్రాసియుందురు. కారణమేదైనను అది పొరపాటే. విద్య యిచ్చుచు, ఇంతవరకే యని గీత గీయుట ఒక చేత దీపము వెలిగించి రెండవ చేత మూత పెట్టుట వంటిది.

1811వ సంవత్సరమున ఆంగ్లికను సంఘమువారు బీదల విద్యకై నేషనల్ సొసైటీ అను సంస్థను స్థాపించి, పాఠశాలల పర్యవేక్షణమును బెల్లుగారికి అప్పగించిరి. ఆయన ఊరూరు తిరిగి బడులను పరీక్షించిరి. పనిలో విరామ మెరుగరు. కాని ఉపాధ్యాయులయెడ కఠినులనియు, తమ పద్ధతి తప్ప ఇతరుల మాట వినరనియు పేరు వచ్చెను. 1816వ సంవత్సరమున స్విట్జర్లండునందు పెస్టలోజీ అను మహోపాధ్యాయుని పాఠశాలను చూచిరి. వస్తువులను చేత పట్టించి, సంఖ్యయొక్క అర్థమును తెలిపి లెక్కలు నేర్పుట పెస్టలోజీగారి విధానము. అర్థముకాని సూత్రము నేర్వలేనని బాల్యమున బాధపడిన బెల్లుగారికి అది యెంతయో నచ్చవలసినది. కాని ఆ విధానము పండ్రెండేండ్లలో మరుగుపడిపోవుననియు, తమది లోకమంతయు వ్యాపించుననియు ఆయన తలచిరని చెప్పుదురు. నేటి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో ఇద్దరి పేర్లును చెప్పుచున్నారు; అనుసరింపుమని ఎక్కువగా చెప్పునది మాత్రము పెస్టలోజీగారినే.

ఈ లోపల మన తెలుగుదేశమునుండి ఒక సాక్ష్యము వెలువడెను. చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రోగారు 1822వ సంవత్సరమున జిల్లాల బడుల లెక్కలు పంపుడని కలెక్టరుల నడిగిరి. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెలుగారు, తెలుగునకు వ్యాకరణమును నిఘంటువును వ్రాసిన పండితులు, 1823వ సంవత్సరమున ప్రత్యుత్తరము పంపిరి. ఆ జిల్లాలో 533 బడులును, 6,641 మంది విద్యార్థులును ఉండిరి. ఆ బడులలో 226 తెలుగు బడులు. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుదురనియు, ముందు చదివినవారు వెనుకవారికి చెప్పుదురనియు, ఈ మంచి పద్ధతిని ఇంగ్లండు అనుకరించుట తగియున్నదనియు ఆయన తెలిపిరి. దారిద్ర్యమువలన అనేక గ్రామములలో బడులు మూతపడినవని కూడ విచారపడిరి. దీనినిబట్టి, పెద్ద శిష్యుడు ఎక్కము చెప్పగా చిన్నవారు గొంతుకలిపి వల్లించు మన వీధిబడియు ఈ చరిత్రములో భాగస్వామియే యని తెలియుచున్నది. బెల్లుగారు దానికి క్రమము కల్పించి, జతలు కూర్చి, పుస్తకము వ్రాసి, లోకమునకు తెలిపిరి. ఆ కీర్తి వారిదే. విత్తనము మాత్రము ఈ నేలది.

కడపటి దినములలో బెల్లుగారు చెల్టెన్‌హాము పట్టణమున నివసించిరి. పక్షవాతమువలన మాట పడిపోయెను. జీవితమంతయు చెప్పుటయే పనిగా గలవారు వ్రాతచేతనే తమ తలంపు తెలుపవలసివచ్చెను. 1832వ సంవత్సరము జనవరి 27వ తేదీన వారు ప్రభువునందు నిద్రించిరి. రాజులును కవులును పండుకొనియున్న వెస్టుమినిష్టరు దేవాలయమున వారి సమాధి కలదు. అప్పటికి వారి పద్ధతి ననుసరించు పాఠశాలలు పండ్రెండువేలకు మించినవని చెప్పుదురు. ఇండియాలో ఆరంభమైన తమ ధనమునుండి సుమారు లక్షయిరువదివేల పౌనులను విద్యకొరకే వ్రాసియిచ్చిరి. ఆ సొమ్ముతో సెయింట్ ఆండ్రూసులో మద్రాసు కాలేజి యను పాఠశాల స్థాపింపబడెను. స్కాట్లండు దేశపు చలిగాలిలో మన పొరుగు పట్టణపు పేరు మోయుచు అది నేటికిని నడచుచున్నది. 1876వ సంవత్సరమున ఎడింబరో, సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయములలో విద్యాశాస్త్రమునకు ఆచార్యపీఠములు ఆ నిధివలననే ఏర్పడినవి.

మరి పద్ధతి యేమయ్యెను? ఇంగ్లండులో ఒక్క ఉపాధ్యాయుని జీతముతో వందలకొలది పిల్లలకు చదువు చెప్పవచ్చునను ఆశచే జనులు దానిని పట్టుకొనిరి. చవుకదనమే గుణమైపోయెను. చిన్న బాలోపాధ్యాయుడు తనకు అర్థముకాని దానిని చిలుకవలె పలుకగా, క్రిందివారు చిలుకలవలె పలికిరి. ఎందుకని అడుగువాడు లేడు. అడిగినను చెప్పువాడు లేడు. అందుచేత 1846వ సంవత్సరము మొదలు అచ్చట తర్ఫీదుగల విద్యార్థి ఉపాధ్యాయుల విధానము వచ్చి, పాత పద్ధతి మెల్లగా తొలగెను. బాలుడు గురువు కాజాలడని దీని యర్థము కాదు. గురువునకు బదులుగా బాలుని నిలిపి, పెద్దవారు చేతులు కడిగికొనరాదని మాత్రమే యర్థము.

విద్యార్థులారా, ఇప్పుడు మీ సెల్‌ఫోను పాఠములవైపు మరలుదము. ఫ్రిస్కెను తన శిష్యుల ప్రక్కన నేలపై కూర్చుండెను. వాని వ్రేలు ఇసుకలో తప్పుదారి పట్టిన తక్షణమే చూచి దిద్దెను. మీ పాఠమును చూచువాని వ్రేలు మీకు కనబడదు. వాడు ఎచ్చట ఆగెనో, ఎచ్చట సిగ్గుపడి ఊరకున్నాడో మీకు తెలియదు. కావున పాఠము పంపుటతో పని తీరినదని తలపకుడు. మరునాడు వాని ప్రక్కన కూర్చుండి, లెక్కను వానిచేత చేయించి చూడుడు. వాడు ఎందుకని అడిగిన విసుగుకొనకుడు. ఆ ప్రశ్న మీకు దొరికిన బహుమానము. మీకు తెలియనిచో తెలియదని ఒప్పుకొని మాయొద్దకు రండు. మాకును తెలియనిచో కలిసి ఆలోచింతము.

తల్లిదండ్రులకు ఒక మనవి. మన పాఠశాలలో కంప్యూటరు కొలువు చేయువారి పిల్లలును, ఆ మేడలను కట్టుటకు పాలమూరునుండియు శ్రీకాకుళమునుండియు వలసవచ్చిన కూలివారి పిల్లలును ఒకే బల్లపై కూర్చుండుచున్నారు. కొందరి యింట మనుష్యునికొక ఫోను కలదు. కొందరి యింట అందరికి నొకటే, అదియు తండ్రితో పనికి పోవును. మీ బిడ్డ తన పాఠమును ఫోను లేని తోడివానికి ప్రక్కన కూర్చుండి చెప్పుటకు పోయిన, కాలము వ్యర్థమగుచున్నదని ఆపకుడు. ఇంతవరకే చాలునని బీద బాలునికి గీత గీసిన బెల్లుగారి పొరపాటు మన బడిలో మరల జరుగకూడదు. బీజగణితము వానిదియు.

దాసులకు తలాంతుల నప్పగించిన యజమానుని కథ మీరు ప్రార్థనాకూటములో వినియున్నారు. దాచినవాని తలాంతు వానికే దక్కలేదు. చదువును అట్టిదే. మన బాలిక దాచుకొనిన సూత్రము ఆమెకును సగమే తెలిసియుండెను. చిన్నవానికి పంచిపెట్టబోయిన పిదపనే సంపూర్ణముగా తెలిసినది. ఐదు రొట్టెలు తెచ్చియిచ్చిన చిన్నవాని పేరు సువార్తలో లేదు. ఇసుకబడి పంతులు పేరును లేదు. పేరు నిలువకపోయినను పెక్కుమంది తృప్తిపొందిరి. మీరును మీకు వచ్చిన లెక్కను రాని తోడివానికి చెప్పుడు. ప్రభువు మీ చదువును, మీరు చదువు చెప్పుటను ఆశీర్వదించును గాక.